సన్‌రూఫ్ కింద సగం ఎక్కిన గొట్టం: తొలి బ్యాచ్ కారుతో నా అనుభవం

ఈ కారు ఇంజిన్ గురించీ మైలేజీ గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. కొత్త మోడల్ విడుదలైన తొలి నెలల్లోనే కొని, వానాకాలాలు దాటించాక నేను చెప్పవలసింది సన్‌రూఫ్ నీటి గొట్టాల గురించే.

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు, ఆపాలని ఎవరూ ఆశించరు కూడా. అంచు దాటి దిగిన నీరు చట్రం చుట్టూ ఉన్న కాలువలో చేరి, మూలల్లో అమర్చిన సన్నని గొట్టాల గుండా, పిల్లర్ల (పైకప్పును మోసే స్తంభాల) లోపలి నుంచి కారు కిందికి పోవాలి. నా కారులో ఎడమవైపు ముందు గొట్టం కాలువ మూతికి సగమే ఎక్కి ఉంది.

ఆ సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది. మొదట ముక్కిన వాసన వచ్చింది, తర్వాత పొద్దుటిపూట అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టసాగింది. సర్వీస్ సెంటర్ వారు ఏసీ నీరేనని తేల్చారు. ఏసీ డ్రెయిన్ (ఏసీ నీరు బయటికి పోయే గొట్టం) మూసుకుపోయినా తడి ముందు సీటు కాళ్ల దగ్గరి కార్పెట్‌లోనే చేరుతుంది కనుక ఆ అనుమానాన్ని తప్పుపట్టను. అయితే ఏసీ వేయని రోజుల్లోనూ వాన పడితే కార్పెట్ తడిసేది. షవర్ టెస్టులో కారును సమతలం మీద నిలిపి తడిపితే చుక్క కారలేదు. ముందుభాగం కిందికి వాలేలా ఏటవాలులో పెట్టి నీళ్లు పోయమని నేను పట్టుబట్టాకనే, పిల్లర్ కవరు అంచున ధార కనిపించింది.

కార్పెట్ ఎత్తి చూస్తే కింది ఫోమ్ నిండా నీరు నిలిచి ఉంది, పక్కనే ఉన్న వైరింగ్ కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. అంతకుముందు డోర్ లాకులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయని చెప్పినప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి పంపారు!

నాకు కోపం తెప్పించింది గొట్టం కాదు. తర్వాత తయారైన కార్లలో గొట్టం ఊడకుండా క్లిప్పు వేస్తున్నారనీ, పాత చాసిస్ నంబర్ల జాబితాతో మరమ్మతు సూచనలు సర్వీస్ సెంటర్లకు ముందే వచ్చాయనీ మెకానిక్ మాటల మధ్య చెప్పాడు. నా కారు నంబరు అందులో ఉంది. రీకాల్ (కంపెనీయే కార్లను వెనక్కి పిలిపించి బాగుచేయడం) సాధారణంగా భద్రతకు సంబంధించిన లోపాలకే ప్రకటిస్తారు. ఇటువంటివి చాలాసార్లు ఫిర్యాదు చేసినవారికే బాగుచేస్తారు. అడగనివారి వారంటీ ఈలోగా కరిగిపోతూ ఉంటుంది.

కొత్తలో ఈ కారు లోపలి నిశ్శబ్దాన్ని ఎంతో మెచ్చుకున్నాను. హైవే మీద ఇప్పటికీ ఆ మాట నిజమే కానీ, ఊడదీసి బిగించిన పిల్లర్ కవరు గతుకుల రోడ్డు మీద కిటకిటలాడుతోంది.

నా కారు ఆరుబయట, వాలుగా ఉన్న చోట నిలుస్తుంది. షెడ్డు ఉన్నవారికి ఈ లోపం ఎన్నటికీ తెలియకపోవచ్చు, వారికి ఈ కారు వద్దని చెప్పలేను. పాత బండి మూలపడి వెంటనే మరొకటి కావలసినవారిని తర్వాతి బ్యాచ్ వచ్చేదాకా ఆగమనడం కూడా సబబు కాదు. డెలివరీ తీసుకునే ముందు సన్‌రూఫ్ తెరిచి, కాలువ ఒక్కొక్క మూలలో కాసిని నీళ్లు పోసి, అవి కారు కింద పడుతున్నాయో లేదో చూసుకుంటే చాలు. నా కారులో కనెక్టర్ మార్చారు. వైర్లను మాత్రం శుభ్రం చేసి వదిలారు. ఆ విషయం జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ పని వివరాలు రాసే పత్రంలో) రాయించుకున్నాను కనుక వారంటీ ఉన్నంతవరకు ఉంచుకుంటాను, ఆ తర్వాత సంగతి డోర్ లాకుల తీరును బట్టి ఉంటుంది.