లిపిడ్ పొర ఎదుట ఆల్ఫా-లాక్టాల్బుమిన్, బీటా-లాక్టోగ్లోబ్యులిన్

ఆవుపాలు విరిగాక మిగిలే తేటలో ప్రధానమైన ఈ రెండు ప్రోటీన్లూ లిపిడ్ (కొవ్వు జాతి అణువుల) పొరను అంటుకునే తీరు ఒకటి కాదు. 123 అమైనో ఆమ్లాల ఆల్ఫా-లాక్టాల్బుమిన్ ఆకృతిని ఒక కాల్షియం అయాన్ బిగించి ఉంచుతుంది. ఆమ్లత బాగా పెరిగితే ఆ అయాన్ ఊడిపోయి, ప్రోటీన్ సగం విచ్చుకొని, నీటికి పొసగని లోపలి భాగాలను బయటపెట్టి, రుణావేశం గల ఫాస్ఫోలిపిడ్ పొరలోకి చొరబడుతుంది. ఆమ్లతకు కొలమానమైన పీహెచ్‌ను తిరిగి తటస్థ స్థాయికి తెస్తే చాలావరకు విడివడి వస్తుంది కూడా. అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఈ వెనుదిరగడమే. 162 అమైనో ఆమ్లాల బీటా-లాక్టోగ్లోబ్యులిన్ గిన్నెలాంటి గట్టి కట్టడం. రెటినాల్ (విటమిన్ ఎ రూపం) వంటి చిన్న అణువులను తన గుంటలో పట్టుకోగలదు గానీ, ఆవేశం లేని పొరల జోలికి అంతగా పోదు. ఆమ్ల స్థితిలో రుణావేశపు పొరను తాకినప్పుడు మాత్రం దాని చదునైన బీటా పట్టీలు కొంతవరకు స్ప్రింగులా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్‌లుగా మారతాయి. పొరలోకి ప్రవేశించే తీరును పరిశీలించదలచినవారికి మొదటిదే అనువైనది.