వాట్సాప్ బటనా, ఈమెయిల్ ఫారమా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్క ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతుంది. వెబ్‌సైట్ చూసేవాళ్లు బాగానే ఉన్నారు, కొనేవాళ్లే తక్కువ. చూసి వెళ్లిపోయేవాళ్లను ఆపడానికి రెండు దారులూ ప్రయత్నించాం.

వాట్సాప్ బటన్‌తో బేరం అప్పటికప్పుడే మొదలవుతుంది. "ఈ లక్కపిడతల రంగు చేతికి అంటుతుందా అండీ?" అని ఒకావిడ రాత్రి పదకొండింటికి అడిగింది. అంకుడు కర్ర, సహజ రంగులు, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని చెప్పే ముద్ర) కూడా వచ్చిందని అక్క చెప్పి, లక్క పూస్తున్న వీడియో పంపింది. పది నిమిషాల్లో యూపీఐలో డబ్బులు పడ్డాయి. ఆ నమ్మకం ఫారంతో రాదు. కానీ జవాబు ఆలస్యమైతే బేరం పోయినట్టే. సంక్రాంతి బొమ్మల కొలువు రోజుల్లో అక్క ఫోన్ కింద పెడితే ఒట్టు. పైగా ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే చోటు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది.

ఈమెయిల్ దారి నెమ్మది. ఊరికే మెయిల్ ఐడీ ఎవరిస్తారు? కొలువు ఎలా పేర్చాలో చెప్పే చిన్న పీడీఎఫ్ ఉచితంగా పెట్టాకే కదలిక వచ్చింది. ఆ తర్వాత తయారీ కథ, వారానికి కూపన్, అన్నీ వాటంతటవే వెళ్తాయి. ఒకసారి గడువు దాటిన కూపన్ వెళ్లింది, తప్పు నాదే. పెళ్లి రిటర్న్ గిఫ్టులకు ఆర్డరిచ్చేవాళ్లు ఇంట్లో నలుగురినీ అడిగి కొంటారు కాబట్టి వాళ్లకు ఇదే నయం.

మూడొందల బొమ్మకు మాత్రం నా ఓటు వాట్సాప్‌కే. ఫారంని గిఫ్టుల పేజీకి మార్చేశాం.