ఎండాకాలంలో వైజాగ్ వస్తే కురుసుర ఎక్కకుండా వెళ్లకండి

వేసవి సెలవులకి మా అక్కావాళ్లు వచ్చారని అందరినీ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి తీసుకెళ్లాను. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నేవీలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి 2001లో రిటైరైన అసలు జలాంతర్గామి ఇది, నమూనా కాదు. ఇసుక మీదకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు.

లోపల ఒక గదిలోంచి ఇంకో గదికి గుండ్రటి రంధ్రంలోంచి నడుం వంచి, ముందు ఒక కాలు పెట్టి దూరాలి, అందుకే మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ బయటే కూర్చుంది. గోడలనిండా పైపులు, చక్రాలు, మీటర్లు. నావికులకి టార్పెడోల (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాల) పక్కనే ఇరుకు బల్లల మీద నిద్ర. "మామయ్యా, వీళ్లు స్నానం ఎలా చేసేవాళ్లు?" అన్నాడు మేనల్లుడు. గైడ్‌గా ఉన్న రిటైర్డ్ నేవీ ఆయన వాడి భుజం మీద చెయ్యేసి ఓపిగ్గా అన్నీ చెప్పారు. నాకైతే గుండె నిండిపోయింది.

సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఎండ తగ్గాక ఎదురుగా బీచ్‌లో ముంత మసాలా తినండి, కానీ అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి, పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దింపకండి.