పెద్దవాళ్లకు ఆన్‌లైన్ సాయం: వెతకడం మేలా, నంబరు రాసిపెట్టుకోవడం మేలా?

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడితే, కావలిలోనో ఒంగోలులోనో ఉండిపోయిన అమ్మానాన్నలకు తరచూ దొరికే సలహా ఒకటుంది: “గూగుల్‌లో కొట్టి చూడండి.” ఇంతకంటే చెడ్డ సలహా లేదని నా అభిప్రాయం. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబరు కూడా అందులో కనబడవచ్చు. అసలుదీ నకిలీదీ పక్కపక్కనే ఉంటే ఏ వయసువారైనా బోల్తా పడతారు. బీపీ ఉన్నవారు ఏం తినాలో తెలుసుకోవడానికి వెతుకులాట సరిపోతుంది. డబ్బు, ఆధార్, ఓటీపీ అడిగే పనికి మాత్రం వద్దు.

దానికంటే మూడు నంబర్లు క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం మేలు. 14567 వయోవృద్ధుల హెల్ప్‌లైన్. ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. 2021 అక్టోబరు 1న దీన్ని జాతికి అంకితం చేసింది మన నెల్లూరు జిల్లావారే, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. పింఛను సందేహాలే కాదు, కన్నబిడ్డలు పట్టించుకోకపోతే 2007 నాటి పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి ఎలా వెళ్లాలో కూడా అడగవచ్చు. రెండోది 1930, సైబర్ మోసం జరిగిన వెంటనే చేయవలసినది. మూడోది 9552300009, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ. కరెంటు బిల్లుకూ ధ్రువపత్రాలకూ బాగుంటుంది గాని, ఒక పట్టికలోంచి మరో పట్టికలోకి వెళ్లే ఓపిక కావాలి. టైపు చేయడం రానివారికి మాట్లాడే మనిషి ఉన్న 14567 నయం.

అసలు తర్జనభర్జన జీవన ప్రమాణ పత్రం దగ్గర, అంటే పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు దగ్గర వస్తుంది. ఏటా బ్యాంకుకు వెళ్లి వరుసలో నిలబడటం పాత పద్ధతి. ఫోనులో ముఖం చూపి పత్రం ఇచ్చే వీలు 2021 నవంబరు నుంచి ఉంది. జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకోవాలి. ఆధార్, పింఛను ఉత్తర్వు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర ఉండాలి. పొలం పనులతోనో వయసుతోనో వేలిముద్రలు అరిగినవారికి ఇది నిజంగా వరం. పైసా ఖర్చు లేదు. పైగా ఆ ఫోను పెద్దవారిదే కానక్కరలేదు. ముందు మనవడు తన ముఖంతో నమోదైతే, అదే ఫోనుతో తాత పనీ నాయనమ్మ పనీ పూర్తి చేయవచ్చు. ముఖంపై వెలుతురు పడేలా కూర్చోబెట్టి, కళ్లు ఆర్పమంటే చాలు.

ఇంట్లో అలాంటి మనవడు లేకపోతే? ఉదయగిరి కొండల పక్క పల్లెలో ఒంటరిగా ఉండే అవ్వకు యాప్ వేసుకోమనడం వెటకారమే అవుతుంది. ఆమెకు పోస్టుమ్యాన్ మేలు. తపాలా కార్యాలయంలో చెప్పి ఉంచితే ఇంటికే వచ్చి చేసి వెళతారు, సాధారణంగా రూ.70 తీసుకుంటారు. నెల్లూరుకో ఉదయగిరికో ఆటో కట్టించుకునే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

“మీ జీవన పత్రం మేమే అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి” అని ఫోను వస్తే మాత్రం మాట పూర్తికాకముందే పెట్టేయాలి. ఆ పనికి ఏ ఖజానా కార్యాలయమూ అలా ఫోను చేయదు.

గడువు సంగతికొస్తే, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు నెల. ఈపీఎఫ్ పింఛనువారు ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. 80 ఏళ్లు దాటిన కేంద్ర పింఛనుదారులు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. దసరా అక్టోబరులో పడిన ఏడాది, పండక్కి ఊరొచ్చిన పిల్లల చేతే ఆ పని చేయించుకుంటే పోస్టుమ్యాన్‌ను కూడా పిలవనక్కరలేదు.