నికోడీమస్: ఐ-70 వదిలి వెళ్లదగిన ఊరు

అమెరికాలో ఐ-70 హైవే మీద డెన్వర్ నుంచి కాన్సస్ సిటీకి కారులో వెళ్లే మనవాళ్లు పశ్చిమ కాన్సస్‌ను త్వరగా దాటేయాలనే చూస్తారు. మేము వాకీనీ దగ్గర ఐ-70 దిగి, హిల్ సిటీ మీదుగా నికోడీమస్ వెళ్లాం. మునిసిపాలిటీ హోదా లేని పల్లె. చుట్టూ గోధుమ, జొన్న చేలు.

బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో కట్టుకున్న ఊరిది. డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు కలిసి కెంటకీలో దీని గురించి ఊరించే ప్రచారం చేశారు. నమ్మి వచ్చినవాళ్లు ఎల్లిస్‌లో రైలు దిగి, అక్కడి నుంచి నడిచారు. తీరా చూస్తే ఊరు లేదు, నేలలోంచి పొగ లేస్తోంది. ముందొచ్చినవాళ్లు నేల తవ్వుకుని అందులోనే కాపురం పెట్టారు! చాలామంది వెనుదిరిగారు. ఉన్నవాళ్లకు ఆ చలికాలం ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవారు తిండి పంచారు. అరకలు, పశువులు కూడా సరిగా లేకుండానే సేద్యం మొదలైంది.

ఊరిని దెబ్బతీసింది రైలు. 1888లో యూనియన్ పసిఫిక్ మార్గం సోలమన్ నదికి దక్షిణాన, కొన్ని మైళ్ల దూరంలో పడింది. వ్యాపారులు అటే తరలిపోయారు. బోగ్ అనే ఊరు అలా పుట్టింది. 1930ల కరవు, దుమ్ము తుఫానులు మిగతా పని చేశాయి. ఇప్పుడున్నది కొద్దిమందే.

1996 నుంచి ఇది జాతీయ చారిత్రక స్థలం. ప్రవేశ రుసుము లేదు. స్థలాన్ని చూపించే రేంజర్ (పార్కు ఉద్యోగి) ఓపిగ్గా చెప్పిన తీరు నాకు నచ్చింది. ఆ మాటలు వినకపోతే ఇక్కడ కనిపించేది అయిదు పాత కట్టడాలే. వాటిలో 1885 నాటి ఏ.ఎం.ఈ. (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి ముందు కాసేపు ఆగండి. సందర్శన వేళలు ముందే చూసుకోండి. చిన్నపిల్లలకు మాత్రం విసుగే.

పెట్రోలు, భోజనం ఊళ్లో దొరకవు. మేము పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లాం. రాత్రి దగ్గర్లోని ఒక మోటల్‌లో దిగితే గది చవకే గానీ ఏసీ మోతకు నిద్ర పట్టలేదు. దూరమైనా హేస్ పట్టణంలో దిగడం మేలు, శాకాహారులకు అక్కడే నాలుగు దారులున్నాయి. జులై చివరి వారాంతంలో, ఇక్కడి నుంచి వలసపోయిన కుటుంబాలు ఉత్సవానికి తిరిగొస్తాయి. అప్పుడు వెళ్లేవాళ్లు గది ముందుగానే తీసుకోవాలి.