మేనల్లుడు మన ఇంట్లో ఉంటే: నెల అద్దె తీసుకోవాలా, ఖర్చులో వాటానా?

తిరుపతికి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మేనల్లుడితో డబ్బు మాటెందుకు అనుకోవడం మర్యాదే. ఎండాకాలం కరెంటు బిల్లు వచ్చేదాకా ఆ మర్యాద నిలుస్తుంది.

డబ్బు: అద్దె అయితే కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఒక గదికి పలికేదానిలో సగం అడగవచ్చు. వాటా అయితే బియ్యం, గ్యాసు, కరెంటు. కరెంటును మాత్రం తలల లెక్కన పంచకండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్లు పై శ్లాబు రేటులో పడతాయి. అతని గది ఏసీతో పెరిగిన మొత్తం అతనే కట్టాలి.

శ్రమ: అద్దెకు ఒక తేదీ చాలు. వాటాకు నెలనెలా లెక్క, పైగా "వాడి దగ్గర కూడా లెక్కలేమిట్రా" అని అక్క ఫోను.

చిక్కు: అద్దెను మీ ఆదాయంలో చూపాలి. పాత పన్ను విధానంలో అతను ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోరితే రసీదులివ్వాలి. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే మీ పాన్ నంబరూ కావాలి. వాటాలో ఈ తంటా లేదు.

ఎస్వీ యూనివర్సిటీలో చదివేవాడికి వాటా కూడా బరువే, గ్యాసు బండ తెప్పిస్తే చాలు. రేణిగుంట ఫ్యాక్టరీలో జీతం అందుకునేవాడి దగ్గర మొహమాటం లేకుండా అద్దె తీసుకోండి. ఉద్యోగం వెతుక్కునేవాడికి ఇప్పుడు వాటా, జీతం మొదలయ్యాక అద్దె. ఆ సంగతి పెట్టె దించిన రోజే చెప్పండి.