4,299 పెట్టి కొన్న కెమెరా బ్యాగూ, ఘాంగ్రియా దారిలో దబ్బనం కుట్టూ

ఉత్తరాఖండ్ కొండల్లోని పూల లోయ, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ గురించి రాద్దామని కూర్చున్నా గానీ ముందు ఆ బ్యాగు మీద కోపం కక్కేస్తే తప్ప పూల దగ్గరికి రాలేను. ఆన్‌లైన్‌లో 4,299 పెట్టి కొన్నా. వాటర్‌ప్రూఫ్ అట, హైకింగ్‌కి బెస్ట్ అట, నాలుగున్నర స్టార్లు, లోపల నారింజ రంగు మెత్తటి అరలు, చూస్తే ముచ్చటేసింది. ఖాళీ బ్యాగే రెండు కిలోల పైన తూగింది. ఫ్లైట్‌లో చేతి సామాను 7 కిలోలే కదా, అందులో రెండు ఆ స్పాంజికే పోయాయి, అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్, రిషికేశ్‌లో ఒక రాత్రి, మర్నాడంతా జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్, ఏ ఇబ్బందీ లేదు. జీపులో మా బావమరిది రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, అది వాడి ఇబ్బంది.

అక్కణ్ణుంచి పుల్నా అనే ఊరి దాకా షేర్ జీపు ఉంటుంది, తర్వాత లోయకి ముందు బస చేసే ఊరు ఘాంగ్రియాకి దాదాపు 10 కిలోమీటర్లు నడక. ఆగస్టు కాబట్టి వాన ఖాయం. నా దగ్గర సోనీ ఏ7 త్రీ కెమెరా బాడీ 650 గ్రాములు, 24-105 లెన్స్ ఇంకో 660, ట్రైపాడ్, లీటరు నీళ్ళు, స్వెట్టర్, అన్నీ కలిపితే బ్యాగుతో సహా ఏడు కిలోలు దాటింది. ఇది పెద్ద బరువేం కాదు, నడుం మీద కూర్చుంటే. ఈ బ్యాగుకి నడుం బెల్టు అని ఇచ్చింది లంగా నాడా కంటే కొంచెం వెడల్పు, అది బరువు మొయ్యదు, బ్యాగు ఊగకుండా పట్టుకుంటుందంతే. మొత్తం భుజాల మీదే. మా ఆవిడ గంటకోసారి "నేనిచ్చిన పాత స్కూల్ బ్యాగు తెచ్చుకోవాల్సింది" అంటూనే ఉంది.

భ్యూందర్ ఊరు దాటాక పర్రుమని కుడి పట్టీ పైన ఊడింది. బ్యాగు ఒక పక్కకి వేలాడిపోయింది, రెండో పట్టీ భుజం మీద ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే కెమెరా నదిలో ఉండేది. వానలో బండ మీద కూర్చుని తలపట్టుకుంటే, కంచర గాడిదలు తోలే పెద్దాయన ఒకాయన ఆగాడు (అక్కడ ఖచ్చర్ అంటారు). ఏమీ అడగలేదు, జీను కింద సంచిలోంచి దబ్బనం, నీలం రంగు నైలాన్ దారం తీశాడు. ఊడిన చోటు వేలితో విడదీసి చూపించాడు, కంపెనీ వాడు ఒకే ఒక్క వరస కుట్టు వేశాడు, అది కూడా గుడ్డ అంచుకి, లోపలి నాడాకి తగల్లేదు. "ఇలా కుడితే మా ఖచ్చర్ సామాను పుల్నా కూడా దాటదు" అని నవ్వాడు. పట్టీని రెండంగుళాలు లోపలికి దూర్చి, ముందు చదరంగా, తర్వాత మధ్యలో ఇంటూ మార్కులా అడ్డంగా కుట్టి, పళ్ళతో దారం తెంపాడు. పది నిమిషాల పని. వంద ఇస్తే తీసుకోలేదు, టీకి మాత్రం ఒప్పుకున్నాడు. మొత్తం ట్రిప్పులో నాకు దొరికిన బెస్ట్ సర్వీస్ అదే.

ఘాంగ్రియాలో రూము 2,500, బకెట్ వేడినీళ్ళు 100, కరెంటు సాయంత్రం కాసేపే, దుప్పట్లు చెమ్మ వాసన. అంత దూరం గాడిదల మీద మోసుకొచ్చే సామాను కాబట్టి రేటుకి నేనేమీ అనను. కానీ బ్యాగు తెరిస్తే లోపల చెంచాడు నీళ్ళు! రెయిన్ కవర్ వేశాను కదా అనుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే కవర్ ముందు వైపే కప్పుతుంది, వీపు వైపు పట్టీలు ఉంటాయి కాబట్టి ఖాళీగా వదిలేస్తుంది, మెడ మీంచి జారిన నీళ్ళు వీపంతా కారి వెనకాలే దిగుతాయి. నా బ్యాగు జిప్పు తెరుచుకునేది సరిగ్గా ఆ వీపు వైపే. దొంగలకి అందదు, బురదలో పెట్టినా పట్టీలకి అంటదు అని దాన్ని గొప్పగా చెప్తారు, నిజమే, కానీ వానలో అదే కొంప ముంచుతుంది. రాత్రంతా లెన్స్‌ని పొడి టవల్లో చుట్టి పక్కన పెట్టుకుని పడుకున్నా, మా ఆవిడకి ఆ టవల్ మీద కూడా కోపమే.

లోయ బాగుంది, చాలా బాగుంది, ఫొటోలు వేరే పెడతా. మర్నాడు హేమ్‌కుండ్ సాహిబ్ గురుద్వారా, 14 వేల అడుగుల పైన, అక్కడ లంగర్‌లో (ఉచిత భోజనశాల) పొగలు కక్కే కిచిడీ, గ్లాసుడు టీ, పైసా అడగరు. అంతవరకూ ముఖం ముడుచుకుని ఉన్న బావమరిది మూడో ప్లేటు దగ్గర నవ్వాడు.

ఇంటికొచ్చి కంప్లైంట్ పెడితే, బయట కుట్టించారు కాబట్టి వారంటీ పోయిందట. ఊడింది కనకే కదా కుట్టించాను అని మూడు మెయిళ్ళు రాశా, మూడిటికీ అదే జవాబు.

ఇప్పుడు నేను వాడేది కెమెరా బ్యాగే కాదు. మామూలు 38 లీటర్ల ట్రెకింగ్ బ్యాగు 3,800కి, అందులో పెట్టుకునే మెత్తటి కెమెరా పెట్టె 1,100కి విడిగా కొన్నా. షాపులో చేసిన పని ఒకటే, బ్యాగు తిరగేసి పట్టీ మొదట్లో కుట్టు చూడ్డం. అక్కడ దగ్గర దగ్గరగా వత్తుగా అడ్డకుట్లు ఉండాలి, ఒంటి వరస కనపడితే ఎన్ని స్టార్లున్నా పక్కన పెట్టెయ్యండి. నా సామాను తీసుకెళ్ళి నింపి, నడుం బెల్టు బిగించి, పట్టీలు వదులు చేసి పావుగంట షాపులోనే తిరిగా, సేల్స్ అబ్బాయి విసుక్కున్నాడు, విసుక్కోనీ. వానకి రెయిన్ కవర్‌ని నమ్మను, లోపల మందపాటి ప్లాస్టిక్ సంచిలో కెమెరా పెట్టె, పైన నన్నూ బ్యాగునీ కలిపి కప్పే పోంచో. చేతికి త్వరగా అందదు, పిట్టల ఫొటోలు తీసేవాళ్ళకి ఇది పనికిరాదు, కొండలూ పూలూ ఎక్కడికీ ఎగిరిపోవు కాబట్టి నాకు చాలు.

పాత బ్యాగుని మా ఆవిడ రైతు బజార్‌కి తీసుకెళ్తోంది. మొన్న ఉల్లిపాయల బరువుకి ఎడమ పట్టీ కూడా ఊడింది. కుడిది నీలం దారంతో అలాగే ఉంది.